ఉక్కును తినెడి బొగ్గు

ఇనుమునకు శత్రువెవరని అడిగినచో చదువరులలో ప్రతివారును నీరే యని చెప్పుదురు. వానలో మఱచిన గునపమును, సముద్రపు గాలి తగిలిన కిటికీ ఊచలును, చెరువు తూమున నానిన పలకయును ఆ మాటకు సాక్ష్యము పలుకుచునే యున్నవి. కాని ఇనుము క్షయమునొందు విధములన్నియు తుప్పుతో ముగియలేదు. నీటిచుక్క నిలువజాలని చోట, ఎఱ్ఱగా కాగిన గొట్టముల లోపల, ఉక్కు మసిగను పొడిగను రాలిపోవు వ్యాధి యొకటి కలదు. ఆ వ్యాధికి మూలము బొగ్గు. ఏ బొగ్గు చేరనిదే ఇనుము ఉక్కు కాజాలదో ఆ బొగ్గే యొక్కొక్క యెడ ఉక్కును తినివేయుచున్నది. దేశము తన బొగ్గును వాయువుగా మార్చి ఎరువులను, ఇంధనములను చేసికొన సంకల్పించిన ఈ దినములలో ఈ వ్యాధిని గూర్చి పఠనాలయములలో మాటలాడుకొనుట అవసరమని మా అభిప్రాయము.

ఇది ఇంజనీర్ల గొడవ, మనకేల యని కొందఱు తలంచవచ్చును. కర్మాగారము కట్టుటకు వెచ్చించు ధనము మనది. అందు కాలిన గొట్టమునకు బదులు తెప్పించు గొట్టపు వెల మనది. ఆ గొట్టము ప్రక్కన రాత్రి పాళీలో నిలుచు కార్మికుడు మన యింటివాడు. అందు పండిన ఎరువునకై కాచుకొనియుండు రైతు మన ఊరివాడు. ఇంతమందికి సంబంధించిన విషయము కొందఱి గొడవ యెట్లగును?

ఉక్కునకు బొగ్గునకు గల మైత్రి తెలుగువారికి క్రొత్తది కాదు. నిజామాబాదు ప్రాంతమున కోనసముద్రమను గ్రామము గలదు. అచటి కొలిమివారు మట్టి మూసలలో ఇనుమును కర్బనము గల పదార్థములతో కూర్చి, మూతివేసి, దీర్ఘకాలము కాచి, మెల్లగా చల్లార్చి ఉక్కు తీయుచుండిరి. ఆ ఉక్కుముద్దలకై పారశీక వర్తకులు అంత దూరము వచ్చుచుండిరి. డమాస్కస్ కత్తులని లోకమున ప్రసిద్ధి కెక్కిన ఖడ్గములకు దక్షిణదేశపు ఉక్కే ఆధారమని చరిత్రకారులు చెప్పుదురు. ఆ మూసలో జరిగిన దేమి? శాస్త్రజ్ఞులు కర్బనమని పేరు పెట్టిన మూలపదార్థము, అనగా మన బొగ్గునకు ప్రాణమైన పదార్థము, కాగిన ఇనుములో కరగి దానికి కాఠిన్యము నిచ్చినది. నూటికి ఒకటిన్నర పాలు చేరినంతనే మెత్తని ఇనుము పదునైన ఖడ్గమైనది. నేటి యంత్రశాలలలో పండ్లచక్రములకు పైపొర గట్టిపడుటకై కర్బనము పట్టించు పనియు ఆ విద్యలోనిదే.

మితము తప్పిన పిదప ఆ మైత్రియే వైరమగును. కావలసినంత కర్బనము చేరి ఆగినచో ఉక్కు బలపడును. ఆగక లోనికి చొచ్చుచునే యుండినచో ఉక్కు పెళుసగును, పిదప పగులును, కొన్ని యెడల పొడియై పోవును. కర్బనము నిండిన వాయువులు వేడిమీద ప్రవహించు ప్రతి కర్మాగారమునందును ఈ భయము గలదు. పెట్రోలియపు శుద్ధిశాలలు, అమోనియా, మెథనాలు చేయు కర్మాగారములు, ఇథిలీను కొలుములు, బొగ్గును వాయువుగా మార్చు యంత్రములు ఈ కోవకు చేరినవి.

ఈ వ్యాధి రెండు రూపుల కనబడును. మొదటిది కర్బనము పట్టుట. ఇథిలీను కొలిమిలో నాఫ్తాను, లేక తత్సంబంధమైన వాయువును, ఆవిరితో కలిపి గొట్టములగుండ పంపి సుమారు 850 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమికి తెత్తురు. ఆ గొట్టపు గోడయొక్క వేడిమి అంతకు మించి వేయి డిగ్రీలను దాటవచ్చును. గొట్టము లోపలి ముఖమున కోకు పేరుకొనును. దానిని అప్పుడప్పుడు ఆవిరితోను గాలితోను కాల్చి తీసివేయవలసి యుండును. ఆ గొట్టములు సామాన్యమైన ఉక్కువి కావు. నూటికి 25 పాళ్లు క్రోమియమును, 35 పాళ్లు నికెలును చేర్చి పోతపోసిన మిశ్రలోహములవి. అట్టివానిలోనికిని కర్బనము మెల్లమెల్లగా దిగి, క్రోమియమును పట్టుకొని కార్బైడు లను కఠినమైన రేణువులుగా ఏర్పడును. తన్ను కాపాడుటకై లోహము దాచుకొన్న క్రోమియ మంతయు నిట్లు బందీ యగును. కర్బనము పట్టిన పొర యొక విధముగను, పట్టని పొర మఱియొక విధముగను వ్యాకోచించుటచే కొలిమి చల్లార్చిన వేళ గొట్టము పగులును. ఇందొక వింత గలదు. ఆరోగ్యముగ నున్న ఆ మిశ్రలోహమునకు అయస్కాంత మంటదు. క్రోమియము కరవైన పిదప అంటుకొనును. ఆ గుర్తును బట్టియే పరీక్షకులు గొట్టపు రోగమును కనిపెట్టుచున్నారు.

రెండవ రూపము మొదటిదానికంటె క్రూరమైనది. ఇంగ్లీషువారు దీనిని మెటల్ డస్టింగ్ అందురు. మన భాషలో ఉక్కు పొడియగుట యనవచ్చును. కార్బన్ మోనాక్సైడు, హైడ్రోజను ఎక్కువగా గల వాయువు 400 మొదలు 800 డిగ్రీల వఱకు వేడిమి గల ఇనుమును తాకినప్పుడు ఇది పుట్టును. జర్మనీ దేశమున డూసెల్డార్ఫు నగరమునందలి మాక్స్ ప్లాంక్ ఇనుము పరిశోధనాలయమున గ్రాబ్కె అను పండితుడును, ఆయనకు పూర్వము అమెరికాలో హాక్‌మన్ అను పండితుడును దీని మర్మమును శోధించిరి. వారు చెప్పిన క్రమ మిది. మొదట కర్బనము ఇనుములో తాను కరగదగిన మేరకు మించి కరగును. పిదప ఇనుముతో కూడి సిమెంటైటు అను కార్బైడుగా పైపొరను కట్టును. దానిమీద గ్రాఫైటు మసి పేరుకొనగానే ఆ కార్బైడు నిలువజాలక, సూక్ష్మమైన ఇనుపరేణువులుగను గ్రాఫైటుగను విడిపోవును. ఈ రేణువులు వాయువునుండి మఱింత మసిని రాబట్టును. రాలిన ఇనుమే రాలవలసిన ఇనుమునకు మృత్యువగుచున్నది. ఇట్లు వ్యాధి తన్ను తాను పెంచుకొనును. నికెలునందు కార్బైడు నడుమ రాకయే గ్రాఫైటు సూటిగా లోహములోనికి పెరిగి దానిని విచ్ఛిన్నము చేయును. ఫలమొక్కటే. నున్నని గొట్టపు గోడమీద చిన్న గుంటలు పడును. వానినుండి మసితో కలిసిన లోహపు పొడి వాయుప్రవాహమున కొట్టుకొని పోవును. గుంట లోతై యొకనాడు గోడను తొలుచును.

వేడిమి హెచ్చినకొలది నాశము హెచ్చునని మనమూహింతుము. ఇచట ఆ యూహ పొరపడును. కార్బన్ మోనాక్సైడు మిక్కిలి వేడిలో స్థిరముగ నుండును. చల్లారుచున్నకొలది తనలో తాను విడిపోయి, కొంత బొగ్గుపులుసు వాయువుగను కొంత మసిగను మాఱ యత్నించును. ఫ్రెంచి రసాయనజ్ఞుడు బుదువార్ పేర ప్రసిద్ధమైన చర్య యిదియే. వేడిమి మిక్కిలి తగ్గిన పిదప ఈ మార్పు మందగించి నిలిచిపోవును. కావున కొలిమి నడుమను భయము తక్కువ. చల్లని గొట్టముననూ భయము తక్కువ. వేడి వాయువును చల్లార్చి దానినుండి ఆవిరి పుట్టించు బాయిలరు ద్వారమున, కలుపు కీళ్లయందు, వేడి తగ్గు త్రోవలో ఈ దొంగ పొంచి యుండును. పందొమ్మిదవ శతాబ్దమున లోథియన్ బెల్ మొదలగు ఇంగ్లీషు ఇనుపకొలిమివారు సయితము ఇనుప చాయ గల చోట కార్బన్ మోనాక్సైడు మసి విడుచుటను గమనించిరి. కొలిమి లోపలి ఇటుకలలో ఇనుపమచ్చలున్న తావున మసి పెరిగి ఇటుకను పగులగొట్టుట కొలిమి నడుపువా రెఱిగిన సంగతియే. ఇటుకను పగిలించినది ఉక్కును విడుచునా?

దీనికి మందులు లేకపోలేదు. క్రోమియము నూటికి 25 పాళ్లకు మించిన మిశ్రలోహములు తమమీద సన్నని ఆక్సైడు పొరను అల్లుకొని కర్బనమునకు తలుపు వేయును. అల్యూమినియము కొలదిగ చేర్చినచో ఆ పొర మఱింత బిగువగును. రాగి కర్బనమును కరగించుకొనదు; తగరమును పూసినను రక్షణ కలుగును. వాయువులో ఆవిరి పాలు హెచ్చించినచో మసి విడుచు స్వభావము తగ్గును. గొట్టపు ఉపరితలమును రాపిడిచేత సిద్ధపఱచినచో క్రోమియము త్వరగా పైకి వచ్చి పొర కట్టును. వేడి వాయువు లోహమును తాకకుండ అగ్నినిరోధకమైన ఇటుకపూత వేయుటయు గలదు. అయినను ఏ పొరయు శాశ్వతము కాదు. కొలిమి ఆఱి వెలిగిన ప్రతిసారియు అది పగులవచ్చును, రాలవచ్చును. ఒకనాడు పగిలిన చోట మఱల క్రోమియము పైకి వచ్చునంతలో కర్బనము లోనికి దిగును.

గంధకపు కథ యింతకంటె చిత్రమైనది. వాయువులో గంధకపు అంశ లేశమున్నను అది లోహపు ముఖమునకు అంటుకొని కర్బనమునకు చోటీయదు. ఇథిలీను కొలుములలో కోకు తగ్గించుటకై గంధక పదార్థమును ఉద్దేశపూర్వకముగ కొలదిగ చేర్చుట వాడుకయందున్నది. కాని అమోనియా, మెథనాలు చేయుచోట ఆ గంధకమే ఉత్ప్రేరకములకు విషము. ఉత్ప్రేరకమును బ్రతికింప గంధకమును తీసివేసినచో లోహము నిరాయుధమగును. లోహమును కాపాడ గంధకమును నిలిపినచో ఉత్ప్రేరకము చచ్చును. ఇట్టి చిక్కున నడుచు కర్మాగారమునకు లోహమును ఎన్నుట అంగడిలో గొట్టములు బేరమాడుట వంటిది కాదు.

ఈ వ్యాధికి గల పరమ దుర్గుణము దాని మౌనము. కొన్నియెడల వారములలోనే గుంటలు పడును. కొన్నియెడల ఏండ్ల తరబడి చెక్కు చెదరనట్లుండి ఆకస్మికముగ బయటపడును. ప్రయోగశాలలో వేయి గంటలు నిలిచిన లోహము కర్మాగారమున పదివేల గంటలు నిలుచునని ఎవరును హామీ యీయజాలరు. సహజవాయువును ఆవిరితో మార్చు కొలిమి గొట్టములను సామాన్యముగ లక్ష గంటల ఆయువునకు, అనగా పదునొకండు సంవత్సరములకు పైబడిన కాలమునకు ఉద్దేశించి నిర్మింతురు. ఆ లక్ష గంటల అనుభవమును దేశము తన కండ్లతో చూచి వ్రాసికొనినగాని నమ్మదగిన జ్ఞానము కలుగదు.

ఇక మన యింటికి వత్తము. రామగుండమున బొగ్గునుండి ఎరువు చేయు కర్మాగారము 1980లో పని ఆరంభించినది. ఒరిస్సాలో తాల్చేరునందు దాని తోడిదియు అట్లే నెలకొన్నది. గనులు దాపున నున్నవి, రైతులు దాపున నున్నారు, ఆశలు పెద్దవి. రెండును 1999లో మూతపడినవి. కారణములు పెక్కు: విద్యుత్తు కొఱత, యంత్రముల చిక్కులు, పెరిగిన నష్టములు. లోహమొక్కటే దోషి యని చెప్పుట మా తాత్పర్యము కాదు. మా ప్రశ్న వేఱు. ఆ రెండు కర్మాగారములును నడిచిన సుమారు ఇరువది సంవత్సరములలో ఏ గొట్టము ఎన్ని గంటలు నిలిచినది, ఏ లోహము ఎచట చెడినది యను వివరములు సామాన్య విద్యార్థి చదువదగిన గ్రంథముగా నెచటనైన దొరకునా? నేడు రామగుండమున సహజవాయువుతో నడుచు క్రొత్త కర్మాగారము గలదు. 2021 మార్చిలో ఉత్పత్తి ఆరంభించి, 2022 నవంబరు 12వ తేదీన జాతికి అంకితమైనది. సంవత్సరమునకు 12.7 లక్షల టన్నుల యూరియా చేయు శక్తి దానిది. అది వెలిగినందులకు మేమందఱతో పాటు సంతసించితిమి. అట్టి ప్రతి అమోనియా కర్మాగారమునందును వాయువు చల్లారు త్రోవలో పైన చెప్పిన అపాయమునకు తావున్నదని ఎఱిగి, అందలి అనుభవమునైన ఈ సారి గ్రంథస్థము చేయవలెనని కోరుచున్నాము.

ఇప్పుడు దేశము మఱల బొగ్గువైపు చూచుచున్నది. 2024-25లో మన గనులు నూరు కోట్ల టన్నులకు మించి బొగ్గు తీసినవి. 2030 నాటికి పదికోట్ల టన్నుల బొగ్గును వాయువుగా మార్చవలెనని ప్రభుత్వము లక్ష్యము పెట్టుకొన్నది. 2024 జనవరిలో కేంద్ర మంత్రివర్గము ఈ కార్యమునకు 8,500 కోట్ల రూపాయల ప్రోత్సాహమును అంగీకరించినది. తాల్చేరున బొగ్గుతో నడువవలసిన క్రొత్త ఎరువుల కర్మాగారమునకు 2018 సెప్టెంబరులోనే శంకుస్థాపన జరిగినది. యూరియాకును మెథనాలునకును పరదేశముల మొగము చూచు జాతికి ఇది సంకల్పింపదగినదే. మేము దీనికి విరోధులము కాము. కాని సంకల్పమును గూర్చిన మాటలలో టన్నులు వినబడుచున్నవి, కోట్లు వినబడుచున్నవి. లోహమును గూర్చిన మాట పఠనాలయముల వఱకు వచ్చుట లేదు.

యంత్రము నిచ్చు విదేశపు కంపెనీయే లోహమునకును పూచీ వహించును గదా యని కొందఱు వాదింతురు. ఆ పూచీ వారి బొగ్గుతో వారు పొందిన అనుభవముపై నాధారపడినది. మన బొగ్గు వేఱు. సింగరేణి బొగ్గుగాని, తాల్చేరు బొగ్గుగాని, మన గొండ్వానా బొగ్గులలో బూడిద మిక్కుటము. నూటికి ముప్పది నలువది పాళ్ల బూడిద యుండుట సామాన్యము. ఆ బూడిద రేణువులు వేగముగ కొట్టుకొనిపోవు వాయువుతో గొట్టపు గోడను ఒరయునప్పుడు, కాపాడవలసిన ఆక్సైడు పొర నిలుచునా, గీచుకొని పోవునా? మన బొగ్గులో గంధకము స్వల్పము. పొగ విషయమున అది మనకు వరము. కాని లేశమాత్రపు గంధకము లోహమునకు కవచమగునని పైన చూచితిమి. మన బొగ్గు వాయువునందు ఆ కవచ మెంతవఱకు దొరకును? ఈ ప్రశ్నలకు జర్మనీలోగాని చైనాలోగాని సిద్ధముగ నున్న సమాధానము మన కొలిమికి సరిపోవునని నమ్ముట అవివేకము. మన ప్రశ్నను మన కొలిమిలోనే పరీక్షింపవలెను.

ఖనిజముల లెక్కయు ఇందు గలదు. క్రోమియపు ఖనిజము మనకు సమృద్ధిగ గలదు; ఒరిస్సాలోని సుకింద లోయ దానికి ప్రసిద్ధి. నికెలు విషయమున మనము పరాధీనులము. దాదాపు పూర్తిగ దిగుమతిమీద బ్రతుకుచున్నాము. కర్బనమును ఎదుర్కొను ఉత్తమ మిశ్రలోహములలో నికెలే పెద్ద పాలు. నికెలును తగ్గించి, ఇనుము, క్రోమియము, అల్యూమినియములతో రక్షణ సాధించు మార్గములను ఇతర దేశములు వెదకుచున్నవి. అల్యూమినియపు పొర కట్టు ఉక్కులపై అమెరికాలోని ఓక్ రిడ్జి ప్రయోగశాల చేసిన కృషి యిందులకు తార్కాణము. బాక్సైటు గనులు గల దేశము, క్రోమైటు గనులు గల దేశము ఈ దారిలో వెనుకబడుట న్యాయమా?

పరులనుండి నేర్వదగిన పాఠమొకటి గలదు. బ్రిటనున బొగ్గుపులుసు వాయువుతో చల్లార్చబడు మాగ్నాక్సు అణు విద్యుత్కేంద్రములను 1950, 60లలో కట్టిరి. ఆ వాయువు ఉక్కునకు హాని చేయదని మొదట తలంచిరి. 1960ల చివర బ్రాడ్‌వెల్ కేంద్రమున మెత్తని ఉక్కు బోల్టులమీద ఆక్సైడు అనుకొన్నదానికంటె వేగముగ పెరుగుచున్నదని కనిపెట్టిరి. ఆక్సైడునకు ఉక్కుకంటె ఎక్కువ చోటు కావలెను. అది పెరిగినకొలది బోల్టులు సాగి తెగు ప్రమాదము గలదు. సిలికాను తక్కువైన ఉక్కు త్వరగా చెడుచున్నదనియు తేలినది. వారేమి చేసిరి? కేంద్రముల వేడిమిని తగ్గించిరి, తత్ఫలముగ విద్యుత్తు తగ్గినను సహించిరి, పరిశోధనకు పూనిరి, ఫలితములను ప్రకటించిరి. ఆ కేంద్రములలో కడపటిదగు విల్ఫా 2015 వఱకు నడిచినది. చిన్న బోల్టు చేసిన హెచ్చరికను విని జాతి తన గర్వమును కొంత దిగమ్రింగినది. అందుచే ఆ యంత్రములు దీర్ఘకాలము నడిచినవి.

మఱియొక పాఠము బాయిలర్లది. ఇంగ్లండున బాయిలర్లు పేలి జనులు చచ్చుచుండగా 1882లో శాసనము చేసి, ప్రతి పేలుడును విచారించి నివేదికను అచ్చువేయ నారంభించిరి. ఒకని బాయిలరు పేలిన కథను వేఱొకడు చదివి తన బాయిలరును సరిచేసికొనెను. మన దేశమున 1923 నాటి బాయిలర్ల చట్టము ప్రమాదమును ఇరువదినాలుగు గంటలలో తెలుపవలెనని విధించినది. దాని స్థానమున 2025లో క్రొత్త చట్టము వచ్చినది. మంచిదే. కాని పేలిన బాయిలరునకు చట్టము గలదు గాని, పేలక మునుపే గుంటపడి, గుట్టుగ మార్పబడిన గొట్టమునకు చరిత్ర లేదు. ఉక్కు పొడియగు వ్యాధి యీ గుట్టులోనే వర్ధిల్లును. చెడిన గొట్టమును కోసి పాఱవేసి, క్రొత్తది బిగించి, కాగితమును బీరువాలో పెట్టి తాళము వేసినచో ఆ జ్ఞానము బీరువాతో పాటు చెదలు పట్టును. ప్రక్క కర్మాగారమువాడు అదే లోహమును కొని అదే నష్టమును పొందును. దాచిన ప్రతి వైఫల్యమునకు దేశము రెండు మాఱులు మూల్యము చెల్లించుచున్నది.

సాధనములు లేవని నిట్టూర్చుటకు వీలులేదు. హైదరాబాదు నగరమొక్కదానిలోనే ఎన్ని సంస్థలున్నవో చూడుడు. భారత్ హెవీ ఎలక్ట్రికల్సు వారి పరిశోధనశాల మన బూడిద బొగ్గునే వాయువుగా మార్చి, దానినుండి రోజునకు పావుటన్ను మెథనాలు చేయు నమూనా కర్మాగారమును నడిపి చూపినది. 2022 జనవరిలో అది జాతికి అంకితమైనది. 1973లో స్థాపితమైన మిశ్రధాతు నిగమము ఉష్ణమును సహించు మిశ్రలోహములను పోయుచున్నది. రక్షణ లోహ పరిశోధనాలయము ఆ విద్యలో ప్రసిద్ధము. అణు ఇంధన సముదాయము అతుకులేని గొట్టములు తీయుటలో ఆరితేరినది. లోహముమీద పూతలు వేయు విద్యకై ప్రత్యేక పరిశోధనకేంద్రమే గలదు. రసాయన విజ్ఞాన సంస్థ గలదు. దగ్గఱనే వరంగల్లు జాతీయ సాంకేతిక విద్యాలయమున లోహశాస్త్రము చెప్పుచున్నారు. బొగ్గు సింగరేణిలో గలదు. ఒకరు వాయువు చేయుదురు, ఒకరు లోహము పోయుదురు, ఒకరు గొట్టము తీయుదురు, ఒకరు పూత వేయుదురు. వీరందఱిని ఒక్క ప్రశ్న చుట్టు కూర్చుండబెట్టుటయే కావలసిన పని.

కావున మేము ప్రభుత్వము నెదుట మూడు కోరికలు పెట్టుచున్నాము. మొదటిది: బొగ్గును వాయువుగా మార్చు ప్రతి నమూనా కర్మాగారమునందును, వాయువు చల్లారు త్రోవలో, స్వదేశ విదేశ లోహముల మచ్చుతునకలను వ్రేలాడదీసి వేలకొలది గంటలు పరీక్షింపవలెను. పెద్ద కర్మాగారమునకు లోహమును నిర్ణయించుటకు మునుపే ఆ ఫలితములు చేతికి రావలెను. రెండవది: ప్రజాధనముతోగాని ప్రభుత్వ సహాయముతోగాని నడుచు ప్రతి కర్మాగారమును, కర్బనమువలన చెడిన గొట్టముల వివరములను, అనగా లోహము, వేడిమి, వాయువు, గడచిన గంటలు, చెడిన తీరు, ఒక ఉమ్మడి దస్తరమున వ్రాయవలెను. వ్యాపార రహస్యమునకు భంగమగునన్నచో కర్మాగారపు పేరు విడువుడు. వ్యాధి వివరమును మాత్రము విడువకుడు. మూడవది: ప్రోత్సాహమునకై కేటాయించిన ధనములో నిర్ణీతమైన భాగమును లోహపరిశోధనకు ప్రత్యేకింపవలెను. కట్టడమునకు కోట్లు పెట్టి, కట్టడమును నిలుపు జ్ఞానమునకు చిల్లర విదల్చుట సంసారపక్షపు నీతి కాదు.

ఇందువలన ఆలస్యమగునని తొందరపడువారు చెప్పుదురు. పరీక్షకై కాచిన యేడాది కనబడును. పరీక్ష లేక కట్టి, గొట్టములకై ఆగి, ఓడలో లోహము వచ్చువఱకు చల్లారి పడియుండు కర్మాగారపు నెలలు లెక్కకు రావు. పైగా రెండు పనులును ఏకకాలమున జరుగవచ్చును. పునాదులు త్రవ్వుచుండగా మచ్చుతునకలు కాగుచుండవచ్చును. ఆలస్యమని చెప్పుట పని మానుటకు సాకు కాగూడదు.

కార్మికుని మాట చెప్పక ఈ వ్యాసమును ముగింపజాలము. ఆ గొట్టములలో పాఱునది నీరు కాదు. కార్బన్ మోనాక్సైడునకు రంగులేదు, వాసనలేదు. పీల్చినవాని ప్రాణము తీయును. హైడ్రోజను నిప్పురవ్వ సోకినంత మాత్రమున మండును. గోడలో పడిన గుంట యొకనాడు రంధ్రమైనచో నష్టపోవునది యూరియా టన్నులు మాత్రమే కాదు. గొట్టపు పరీక్షను వాయిదా వేయు అధికారి ఆ గొట్టము క్రింద నిలువడు. పరీక్ష జరిగినదో లేదో తెలియనివాడే అచట నిలుచును. తాను పనిచేయుచోట ఏ లోహము గలదో, దానిని ఎప్పుడు పరీక్షించిరో తెలిసికొను హక్కు కార్మిక సంఘములకు ఉండవలెను. ఆ హక్కును సంఘములును అడుగవలెను.

కోనసముద్రపు కొలిమివాడు పుస్తకము చదువలేదు. అయినను ఎంత బొగ్గు చాలునో, ఎప్పుడు మూసను దింపవలెనో ఎఱిగియుండెను. ఆ యెఱుక తండ్రినుండి కొడుకునకు వచ్చినది. వ్రాసి పెట్టువారు లేక, కొలుములు ఆఱిన పిదప మాసిపోయినది. తరువాతి పండితులు పగిలిన మూసలను, మిగిలిన చిట్టెమును పరీక్షించి ఆ విద్యను ఊహింపవలసి వచ్చినది. ఒకమాఱు ఉక్కు విద్యను వ్రాయక పోగొట్టుకొన్న జాతి రెండవమాఱు అట్లు చేయరాదు. నేడు మన కర్మాగారములలో రాలుచున్న ప్రతి గుప్పెడు నల్లపొడియు చదువదగిన పాఠమే. దానిని ఊడ్చి పాఱవేయక, తూచి, పరీక్షించి, వ్రాసి, అందఱి యెదుట పెట్టుడని అధికారులను కోరుచున్నాము. అట్లు చేయుచున్నారా లేదా యని అడుగుట పఠనాలయములలో కూర్చుండి దేశక్షేమమును విచారించు మన చదువరుల విధి.